ఈయూ విదేశాంగ విధానం ఆన్‌లైన్ కోర్సు: కొనొచ్చు, కానీ మొత్తం చూడక్కర్లేదు

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి మూడు స్టార్లు. అందులో రెండు స్టార్లు, అంతర్జాతీయ సంస్థల పాఠాలు చెప్పిన మాస్టారివి, ఒకటి పుస్తకంలో ఉన్న పట్టికలది. 'విదేశాంగ విధానం' అని పేరు పెట్టిన భాగానికి నా దగ్గర స్టార్లు లేవు. ఎందుకో కింద రాస్తాను, కాస్త పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్లకి ఒక్క ముక్క: ఆరు, ఏడు, ఎనిమిది వీడియోలు చూడండి, పట్టికలు జిరాక్స్ తీసుకోండి, మోడల్ టెస్టుల కీ మాత్రం నమ్మకండి.

సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే వాళ్ల అభిమానులూ వాళ్ల పోటీ సంస్థల అభిమానులూ ఇద్దరూ వచ్చి పడతారు, నాకంత తీరిక లేదు. హైదరాబాద్‌లో సివిల్స్ కోచింగ్ ఇచ్చే సంస్థే, తెలుగు మీడియం వాళ్ల కోసం జనరల్ స్టడీస్ (జీఎస్) రెండో పేపర్ని ముక్కలు చేసి అమ్ముతోంది. ప్రాంతీయ కూటములు అన్న వరుసలో మొదటి ముక్క ఇది, యూరోపియన్ యూనియన్ (ఈయూ) మీద. వీడియోలు, అచ్చు పుస్తకం, ఆన్‌లైన్ టెస్టులు, డౌట్లు అడగడానికి వాట్సాప్ గ్రూపు, అన్నీ కలిపి మూడు వేలకి పైనే అయింది. జీఎస్‌లో ఈ టాపిక్ నుంచి వచ్చేది మహా అయితే ఒక ప్రశ్న అని తెలుసు. అయినా కొన్నది నా కోసం కాదు, మా ఇంటికి సాయంత్రం చదువుకోడానికి వచ్చే పిల్లల కోసం.

మాది పర్లాకిమిడి. కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పొలిటికల్ సైన్స్ చెప్తాను. ఇక్కడి తెలుగు పిల్లల సంగతి హైదరాబాద్ వాళ్లకి ఊహకి కూడా అందదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషు. మెయిన్స్ తెలుగులో రాయనిస్తారు కాబట్టి కొంతమంది ఆ ధైర్యం చేస్తారు, కానీ తెలుగులో అంతర్జాతీయ సంబంధాల మీద పుస్తకం కావాలంటే విశాఖపట్నం దాకా పోవాలి, పోయినా దొరికేది పదేళ్ల కిందటి గైడే. అందుకే ఈ కోర్సు ప్రకటన చూడగానే ఆశ పుట్టింది.

ఆర్డర్ పెట్టేటప్పుడే మొదటి దెబ్బ. అడ్రస్ దగ్గర రాష్ట్రం ఎంచుకోమంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండే ఉన్నాయి, ఒడిశా లేదు. ఫోన్ చేస్తే ఆ అబ్బాయి "మీది శ్రీకాకుళం జిల్లా కదా మేడమ్, ఆంధ్రా పెట్టేయండి" అన్నాడు. కాదు బాబూ, మాది గజపతి జిల్లా, ఒడిశా అంటే, "తెలుగు బాగా మాట్లాడుతున్నారే" అని మెచ్చుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి పాతపట్నంలో మా పిన్ని వాళ్ల అడ్రస్ ఇచ్చాం, ఆవిడ తెచ్చి ఇచ్చింది. బరంపురం, రాయగడ, జయపురం వైపు ఉన్నవాళ్లకి ఇలా పక్క ఊళ్లో పిన్ని ఉండదు కదా, వాళ్లేం చేయాలో సంస్థే చెప్పాలి.

పుస్తకం చూడ్డానికి బాగుంది. కాగితం మందం, అక్షరం పెద్దది, బైండింగ్ ఊడలేదు. భాష దగ్గరే వచ్చింది తంటా. ఇంగ్లీషు నోట్స్ ఎదురుగా పెట్టుకుని వాక్యం వెనక వాక్యం దించేశారు, ఒక్కో వాక్యం ఐదు లైన్లు, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో. వాడుక తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఆయన తిరిగిన వీధుల్లో కూర్చుని ఈ తెలుగు చదవాల్సి రావడం మా ఖర్మ. పిల్లలైతే రెండో పేజీకే పుస్తకం పక్కన పెట్టి "ఏటక్కా ఇది, ఇంగ్లీషుదే నయం" అన్నారు.

తప్పులు కూడా ఉన్నాయి, చిన్నవి కావు. ఒకచోట సభ్య దేశాలు 27 అని సరిగ్గానే రాశారు, నాలుగు పేజీల తర్వాత మ్యాపులో బ్రిటన్‌కి కూడా రంగేశారు. బ్రిటన్ 2020 జనవరి 31న బయటికొచ్చేసింది కదా. ఈయూ విదేశాంగ వ్యవహారాల ఉన్నత ప్రతినిధి పేరు దగ్గర ఇంకా జోసెప్ బొరెల్ అనే ఉంది. 2024 డిసెంబర్ నుంచి ఆ కుర్చీలో ఉన్నది ఎస్టోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్. ఇవి పాత ఎడిషన్ తప్పులు అనుకుని సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఇంకోటుంది. యూరోపియన్ కౌన్సిల్, కౌన్సిల్ ఆఫ్ యూరప్ రెండూ ఒకటే అన్నట్టు ఒక అధ్యాయం మొత్తం నడిపారు. మొదటిది ఈయూ దేశాల అధినేతలు కూర్చునే వేదిక. రెండోదానికి ఈయూతో సంబంధమే లేదు, 1949లో పుట్టింది, ఉండేది స్ట్రాస్‌బోర్గ్‌లో, సభ్యులు 46 దేశాలు, రష్యాని 2022 మార్చిలో గెంటేసింది కూడా అదే. ప్రిలిమ్స్‌లో ఇది పిల్లల్ని పడగొట్టే పాత ఉచ్చు. ఆ ఉచ్చులో పుస్తకమే పడిపోతే ఇంక చదివేవాడి గతేంటి?

సరే, ఇప్పుడు మంచి చెప్పాలి. ఆరో వీడియో నుంచి మాస్టారు మారతారు. అంతకుముందు చెప్పినాయన స్లైడ్ చదివి వదిలేసే రకం, ఈయన నల్లబల్ల మీద సుద్దముక్కతో హాలు బొమ్మ గీసి, కుర్చీలు గీసి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూపించి మొదలుపెడతాడు. ఏ సంస్థలో ఈయూకి ఏ కుర్చీ ఉంది, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి మాట్లాడే హక్కుందా, చెయ్యెత్తే హక్కుందా, ఎవరి తరఫున, ఇవే ఆయన అడిగే ప్రశ్నలు. మూడు పాఠాల నిండా ఇవే.

ఆరో పాఠం ఐక్యరాజ్య సమితి. అప్పటి యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీకి 1974లో జనరల్ అసెంబ్లీ పరిశీలక హోదా ఇచ్చింది. అంటే వెనక బెంచీ. ఆరు నెలలకోసారి వంతులవారీగా మారే కూటమి అధ్యక్ష స్థానంలో అప్పటికి ఏ దేశం ఉంటే ఆ దేశపు రాయబారి అందరి తరఫునా ప్రకటన చదివేవాడు, అలా ముప్పై ఏళ్లకి పైగా నడిచిపోయింది. 2009 డిసెంబర్ 1న, కూటమి నియమాల్ని మార్చిన లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చి ఈయూకే సొంతంగా న్యాయపరమైన ఉనికి వచ్చాక, ఇక మా మాట మేమే చెప్తాం అని సమితికి వెళ్లారు. 2010 సెప్టెంబర్‌లో తీర్మానం పెడితే ఏమైందో తెలుసా? వాయిదా పడిపోయింది. వాయిదా వేయాలని 76, వద్దని 71, తటస్థంగా 26. అన్ని నిధులిచ్చే కూటమి ఒక చిన్న కుర్చీ అడిగితే కరీబియన్ దేశాలూ, ఆఫ్రికా దేశాలూ ఆపేశాయి. మీకిస్తే రేపు మా కూటములకీ ఇవ్వాలి కదా, దేశాల సమితిలో కూటములకి పెద్దపీట ఏంటి అన్నది వాళ్ల పట్టు. ఈయూ వాళ్లు వెనక్కెళ్లి నెలల తరబడి ఒక్కో రాజధాని తలుపు తట్టి, తీర్మానంలో మాటలు తగ్గించి, ఇతర కూటములు అడిగితే వాళ్లకీ ఇదే ఇవ్వొచ్చని దారి వదిలి, 2011 మే 3న మళ్లీ తెచ్చారు. ఈసారి అనుకూలంగా 180, వ్యతిరేకం ఒక్కరూ లేరు, సిరియా, జింబాబ్వే మాత్రం తటస్థం. ఆ తీర్మానం నంబరు 65/276, పరీక్షకి గుర్తుపెట్టుకోండి.

ఈయన ఇక్కడ ఆగి బల్ల మీద రెండు గళ్లు గీస్తాడు. వచ్చినవి: పెద్ద గ్రూపుల ప్రతినిధుల వరుసలో ముందుగా మాట్లాడటం, పత్రాలు పంచడం, ప్రతిపాదనలూ సవరణలూ నోటితో పెట్టడం, జవాబిచ్చే హక్కు. రానివి: ఓటు, తీర్మానానికి సహ ప్రతిపాదకుడిగా ఉండటం, పదవులకి అభ్యర్థిని నిలబెట్టడం. అదే ఏడాది సెప్టెంబర్‌లో యూరోపియన్ కౌన్సిల్ అప్పటి అధ్యక్షుడు హెర్మన్ వాన్ రోంపుయ్ అసెంబ్లీ సాధారణ చర్చలో ఈయూ తరఫున మాట్లాడాడు. ఈ ఒక్క గంట పాఠం విన్న మా పిల్లలు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తారు.

ఏడోది నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం, ఆహార వ్యవసాయ సంస్థ. రోమ్‌లో ఉన్న ఎఫ్ఏవో 1991 నవంబర్‌లో యూరోపియన్ కమ్యూనిటీని పూర్తి సభ్యురాలిగా చేర్చుకుంది, సమితి అనుబంధ సంస్థల్లో మొదటిది ఇదే. ఇక్కడ ఈయూ సభ్యురాలే, అందులోని దేశాలూ సభ్యులే. మరి ఓటు ఎవరిది? ప్రతి సమావేశానికి ముందు ఎజెండాలో ఏ అంశం ఈయూ చేతిలో ఉంది, ఏది దేశాల చేతిలో ఉంది అని కాగితం రాసి ఇవ్వాలి. చేపల వేట లాంటి అంశమైతే ఈయూ ఒక్కటే చెయ్యెత్తి తన సభ్య దేశాలన్నిటి ఓట్లూ వేసేస్తుంది, దేశాలు ఊరుకోవాలి. అంశం దేశాల చేతిలో ఉంటే అవి విడివిడిగా వేస్తాయి, ఈయూ ఊరుకోవాలి. రెండూ కలిపి వేయడం కుదరదు. ఎన్నికయ్యే పదవులకి ఈయూ పోటీ చేయడానికీ లేదు.

ఇది చెప్తున్నప్పుడు పిల్లల మొహాలు చూశాను, అర్థం కాలేదు. వీడియో ఆపి కొటియా ఊళ్ల సంగతి ఎత్తాను. కోరాపుట్ జిల్లాకీ అటు సాలూరుకీ మధ్య ఉన్న ఆ ఊళ్లు ఒడిశావా ఆంధ్రావా అన్న గొడవ ఇంకా తెగలేదు. అక్కడ చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయి, రెండు ఓటరు కార్డులూ ఉంటాయి, రెండు ప్రభుత్వాలూ మా వాళ్లే అంటాయి. ఎఫ్ఏవోలో కూడా రెండు కార్డులున్నాయి, కానీ అక్కడ గేటు దగ్గరే అడుగుతారు, ఈ పనికి ఏ కార్డు తెచ్చావు, రెండోది జేబులో పెట్టుకో అని. ఒక పిల్ల టక్కున "అయితే కొటియాలో కూడా అలా కాగితం రాయించీస్తే గొడవ పోను కదక్కా" అంది. పోదనుకోండి, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ అది. కానీ పాఠం మాత్రం తలకెక్కింది. హైదరాబాద్‌లో రికార్డు చేసిన మాస్టారికి ఈ ఉదాహరణ తెలిసే వీల్లేదు, ఆయన్ని తప్పు పట్టడం లేదు.

ఎనిమిదో పాఠంలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో), అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్), జీ7, జీ20 అన్నీ కుక్కేశారు, అయినా బాగుంది. డబ్ల్యూటీవోలో 1995 జనవరి 1 నుంచి యూరోపియన్ కూటమి వ్యవస్థాపక సభ్యురాలు. 27 దేశాలకీ సొంత కుర్చీలున్నాయి కానీ బేరం మాట్లాడేది ఈయూ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఒక్కటే, ఎందుకంటే వాణిజ్యం మీద అధికారం పూర్తిగా కూటమికి ఇచ్చేశారు. ఓటింగ్ అంటూ జరిగితే సభ్య దేశాల సంఖ్యకి మించి ఓట్లు ఉండవని నిబంధన, అయితే అక్కడ పని నడిచేది ఏకాభిప్రాయం మీదే. మన దేశం 2007లో మొదలుపెట్టి, 2013లో ఆగిపోయి, 2022లో మళ్లీ ఎత్తుకున్న స్వేచ్ఛా వాణిజ్య చర్చల్లో ఎదురుగా కూర్చున్నది కూడా ఈ కమిషనే. జర్మనీతో వేరే, ఫ్రాన్స్‌తో వేరే బేరం ఉండదు.

అదే ఐఎంఎఫ్‌కి వచ్చేసరికి ఈయూకి సభ్యత్వమే లేదు. యూరో నోటు చాలా దేశాలది, కుర్చీలు మాత్రం ఎవరివి వాళ్లవే. జర్మనీ, ఫ్రాన్స్ సొంతంగా కూర్చుంటాయి, స్పెయిన్ మెక్సికోతోనూ మధ్య అమెరికా దేశాలతోనూ ఒక గ్రూపులో ఉంటుంది, ఐర్లాండ్ పోయి కెనడా, కరీబియన్ దేశాల గ్రూపులో కూర్చుంటుంది. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుకి దక్కింది పరిశీలక స్థానం. ఒకే కరెన్సీ వాడే దేశాలు ఆ కరెన్సీ గురించి మాట్లాడే చోట చెదిరిపోయి కూర్చోవడం ఎంత విడ్డూరమో ఈ మాస్టారు నవ్వుతూ చెప్తాడు, చెప్పి, ఎందుకలా అని అడిగి, జవాబు కూడా చెప్తాడు: కలిసి కూర్చుంటే విడివిడిగా ఉన్న పలుకుబడి పోతుందని పెద్ద దేశాల భయం. నాకు తెలిసి ఈ మొత్తం కోర్సులో అధికారం అన్నది ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన మాట అదొక్కటే.

ఎందుకంటే మిగతా సగం, అంటే ఒకటి నుంచి ఐదు, తొమ్మిది నుంచి చివరిదాకా, ఈయూ ప్రచార కరపత్రంలా ఉంది. శాంతి, ప్రజాస్వామ్యం, మానవ హక్కులు, బహుపాక్షికత. 2012లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 140కి పైగా చోట్ల రాయబార కార్యాలయాల్లాంటి డెలిగేషన్లు ఉన్నాయి, సోమాలియా తీరంలో సముద్ర దొంగల మీద 2008 నుంచి అటలాంటా ఆపరేషన్ నడుస్తోంది, ఇరాన్ అణు ఒప్పందం 2015లో కుదిరినప్పుడు సమన్వయం చేసింది ఈయూ ప్రతినిధే. నిజమే, ఏదీ అబద్ధం కాదు. కానీ సివిల్స్‌లో "విశ్లేషించండి" అని అడుగుతారు, "పొగడండి" అని కాదు.

అసలు చెప్పాల్సిన ముక్క ఇది. 1993లో అమల్లోకొచ్చిన, ఈయూని పుట్టించిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం అని పేరు పెట్టింది, లిస్బన్ ఒప్పందం దాని ఉన్నత ప్రతినిధి పదవిని పెద్దది చేసి, 2011 జనవరి నుంచి పనిచేస్తున్న ఒక విదేశాంగ సేవా విభాగాన్ని ఇచ్చింది. మనుషుల్నిచ్చారు, భవనమిచ్చారు, తాళంచెవి ఇవ్వలేదు. విదేశాంగ నిర్ణయాల్లో దాదాపు అన్నిటికీ ఏకగ్రీవం కావాలి. ఒక్క దేశం అడ్డం తిరిగితే బండి ఆగిపోతుంది. రష్యా మీద ఆర్థిక ఆంక్షల్ని ఆరు నెలలకోసారి అందరూ ఒప్పుకుని పొడిగించాలి, ప్రతిసారీ హంగరీ ఏమంటుందో అని టెన్షనే. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలా వద్దా అన్న దగ్గర హంగరీ ప్రధాని ఓర్బాన్ ఒప్పుకోడు, అందరూ కావాలంటారు. చివరికి ఆయన గది బయటికెళ్లాడు, మిగిలిన 26 మంది నిర్ణయం తీసేసుకున్నారు! ఇంత మంచి కథ ఉంటే పుస్తకంలో దానికి ఒక్క లైను కూడా లేదు. నేను చెప్తే పిల్లలు పడీ పడీ నవ్వారు, మా గ్రామసభలో కూడా ఇంతే అని.

2003 ఇరాక్ యుద్ధానికి ఒక లైను ఇచ్చారు, "సభ్య దేశాల మధ్య కొన్ని అభిప్రాయ భేదాలు వచ్చాయి" అని. కొన్నా? బ్రిటన్, స్పెయిన్, ఇటలీ అమెరికా వైపు, ఫ్రాన్స్, జర్మనీ ఎదురుగా, ఉమ్మడి విధానం అన్న మాటకే అర్థం లేకుండా పోయిన రోజులవి. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2023 అక్టోబర్ 27న గాజాలో యుద్ధ విరామం కోరుతూ జనరల్ అసెంబ్లీలో పెట్టిన తీర్మానం. ఈయూ దేశాల్లో ఎనిమిది అనుకూలం, నాలుగు వ్యతిరేకం, పదిహేను తటస్థం. ఫ్రాన్స్, స్పెయిన్ ఒకవైపు, ఆస్ట్రియా, చెక్, క్రొయేషియా, హంగరీ ఇంకోవైపు, జర్మనీ, ఇటలీ మధ్యలో. 2011లో అంత కష్టపడి సంపాదించిన కుర్చీలో కూర్చున్న ఈయూ ప్రతినిధి ఆ రోజు ఎవరి మాట చెప్పాలి? సెర్బియా నుంచి విడిపోయిన కొసావోని దేశంగా గుర్తించడంలోనూ అంతే, స్పెయిన్, గ్రీస్, సైప్రస్, రొమేనియా, స్లొవేకియా ఈ రోజుకీ గుర్తించలేదు.

ఆరు, ఎనిమిది పాఠాలనీ ఈ ఉదాహరణలనీ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దానంతటదే వస్తుంది. సభ్య దేశాలు ఎక్కడ అధికారం వదులుకున్నాయో, అంటే వాణిజ్యం, చేపలు, ప్రమాణాలు, అక్కడ ఈయూ కొండంత. ఎక్కడ వదులుకోలేదో, అంటే సైన్యం, యుద్ధం, ఎవర్ని దేశంగా గుర్తించాలి అన్న చోట, అది అభిప్రాయం చెప్పే సంఘం. ఈ రెండు వాక్యాలు కోర్సు మొత్తంలో ఎక్కడా లేవు. ఆరో పాఠం మాస్టారికే తొమ్మిదో పాఠం కూడా ఇచ్చుంటే ఆయన తప్పకుండా చెప్పేవాడు, నాకు అనుమానం లేదు.

ఐదో వీడియోలో ఇంకో విషయం, భద్రతా మండలిలో ఫ్రాన్స్ ఈయూ తరఫున మాట్లాడుతుంది అని చెప్పారు. అలా కాదు. ఫ్రాన్స్ కుర్చీ ఫ్రాన్స్‌దే. మండలిలో ఉన్న ఈయూ దేశాలు తమలో తాము సంప్రదించుకోవాలి, మిగతావాళ్లకి సమాచారం ఇవ్వాలి, ఎజెండాలోని అంశం మీద ఈయూకి ఉమ్మడి వైఖరి ఉంటే ఉన్నత ప్రతినిధిని మాట్లాడటానికి పిలవమని అడగాలి. యూరోపియన్ యూనియన్ ఒప్పందం 34వ అధికరణం చెప్పేది ఇంతే. మెయిన్స్ జవాబులో వీడియోలో చెప్పింది రాస్తే మార్కు పోతుంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది భారత్, ఈయూ అధ్యాయం. 1962లో దౌత్య సంబంధాలు, 2000లో లిస్బన్‌లో తొలి శిఖరాగ్ర సమావేశం, 2004లో వ్యూహాత్మక భాగస్వామ్యం, తేదీల మీద తేదీలు పేర్చుకుంటూ పోయారు. చదివేవాడి ఊరికి దీంతో పనేంటి అన్న ఆలోచనే రాలేదు. మా పక్క రాయగడ జిల్లా తేరుబలిలో ఉక్కులో కలిపే ఫెర్రో క్రోమ్ తయారవుతుంది. సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ని బట్టి దిగుమతుల మీద ఈయూ వేసే సరిహద్దు కార్బన్ సుంకం ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల్లాంటి వాటితో పాటు ఫెర్రో క్రోమ్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 2023 అక్టోబర్ నుంచి 2025 చివరిదాకా దిగుమతిదారులు లెక్కలు మాత్రం చూపిస్తే సరిపోయేది, 2026 జనవరి నుంచి డబ్బు కట్టే దశ మొదలైంది. మన ప్రభుత్వం దీనికి అభ్యంతరం చెప్తూనే ఉంది. ఇంకో నాలుగు కొండలు దాటితే కోరాపుట్ కాఫీ. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండలేదని, తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపిస్తేనే కాఫీని లోపలికి రానిస్తామని ఈయూ చట్టం చేసింది. అమలు వాయిదా పడింది కానీ చట్టం పోలేదు. మన దేశపు కాఫీకి పెద్ద కొనుగోలుదారులు ఇటలీ, జర్మనీ వాళ్లే మరి. యుద్ధం ఆపలేని కూటమి కోరాపుట్ జిల్లా దమన్‌జోడి అవతల కొండ మీద గిరిజన రైతు తోటకి కొలతలు అడుగుతోంది. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉంటుందా? పుస్తకంలో కార్బన్ సుంకం ఒక బాక్సులో రెండు లైన్లు, కాఫీ ఊసే లేదు.

టెస్టుల గురించి. ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో (అంటే జనరల్ అసెంబ్లీలో) ఈయూకి ఓటు హక్కు ఉంది, ఒప్పా తప్పా అని అడిగి, కీలో ఒప్పు అని పెట్టారు. వాళ్ల సొంత ఆరో వీడియోకే విరుద్ధం. వాట్సాప్ గ్రూపులో అడిగితే "కీ కరెక్టే మేడమ్, ఫ్యాకల్టీ చెక్ చేశారు" అని జవాబు, పైన నమస్కారం బొమ్మ. 2011 తీర్మానం సంగతి మొత్తం టైపు చేసి పెట్టాను, ఎవరూ పలకలేదు. తర్వాత ఎప్పుడో చూస్తే కీ చడీచప్పుడు లేకుండా మారిపోయి ఉంది. మార్చారు, సంతోషం, ఒక మాట చెప్పుంటే ముందే టెస్టు రాసిన పిల్లలు సరిచేసుకునేవాళ్లు కదా. గ్రూపులో డౌట్ల కన్నా కొత్త కోర్సుల డిస్కౌంట్ మెసేజీలే ఎక్కువ, మ్యూట్‌లో పెట్టేశాను.

యాప్ ఒక్క ఫోన్‌లోనే పనిచేస్తుంది. డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోలు కొన్నాళ్లకి వాటంతటవే పోతాయి, మళ్లీ దించుకోవాలి. మోహన వైపు కొండ ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకి అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి మా ఇంట్లో ఉన్నంతసేపే చదువు. ఆడియో ఒక్కటీ విడిగా ఇస్తే ఎంత సుఖంగా ఉండేదో. సాధారణంగా ఈ సంస్థలవాళ్లు కాపీ అవుతుందని భయపడి ఇవ్వరు, ఆ భయం నాకూ అర్థమవుతుంది, కానీ మూడు వేలు తీసుకుని మరీ దొంగల్లా చూడక్కర్లేదు.

కొనాలా అంటే, ఒక్కరే అయితే వద్దు. నలుగురు కలిసి చదువుకునేవాళ్లుంటే పంచుకుని కొనండి, ఒకేచోట కూర్చుని టీవీకి కలిపి చూడండి. పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చిందేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఉన్నత ప్రతినిధి పేరు ఏముందో అడిగితే చాలు, ఏ ఎడిషనో తెలిసిపోతుంది. ఇంగ్లీషు కాస్త వచ్చినవాళ్లకి ఈయూ వెబ్‌సైట్‌లోనే ఒప్పందాల పాఠం ఉచితంగా దొరుకుతుంది, 24, 31, 34 అధికరణాలు చదివితే నేను పైన తిట్టిన ఐదు వీడియోలూ చూడక్కర్లేదు.

వీళ్ల తర్వాతి భాగం ఆసియాన్, ఆఫ్రికన్ యూనియన్ మీద వస్తుందట. 2023లో ఢిల్లీ శిఖరాగ్రంలో ఆఫ్రికన్ యూనియన్‌కి జీ20 సభ్యత్వం వచ్చింది కదా, సుద్దముక్క మాస్టారు ఆ కుర్చీ బొమ్మ గీస్తే చూడాలని నాకూ ఉంది. ఆ భాగం ఎవరు చెప్తున్నారని గ్రూపులో అడిగాను, ఇంకా జవాబు లేదు. ఆయనే అయితే కొంటాను, స్లైడ్ల ఆయన అయితే డబ్బులు మిగుల్చుకుంటాను.